గేటు ముందు ఆగని బస్సు

“కదలండి, లోపలికి జరగండి! లోపల పులేమీ లేదు!” అంటూ కండక్టరమ్మ జనాన్ని మోచేత్తో నెట్టుకుంటూ వెనక తలుపు దాకా వెళ్ళింది. చంకలో తోలుసంచి, చెవి వెనక పెన్ను, బొటనవేలికి రబ్బరు తొడుగు. ఇరవై రెండేళ్ళుగా పైన కడ్డీ పట్టుకుని వేలాడినందుకు కుడిభుజం ఎడమదానికంటే కాస్త పైకి లేచి ఉంటుంది. బస్సు ఆగాలంటే గంట తాడు ఒకసారి లాగాలి, కదలాలంటే రెండుసార్లు. ఆ తాడు దగ్గర ఆవిడకి తన పర భేదం లేదు. సొంత తమ్ముడు స్టాపు కానిచోట దిగుతానంటే, నోరు మూసుకుని కూర్చోమని తర్వాతి స్టాపు దాకా తీసుకుపోయి దింపింది. డ్రైవరు ఆవిడని గంటక్క అంటాడు.

అలాంటి గంటక్క మూడు నెలలుగా ఒక నీలంరంగు గేటు ముందు బస్సు ఆపుతోంది. అక్కడ స్టాపు లేదు. ఉన్నది వియ్యపురాలి ఇల్లు.

కూతురి పెళ్ళయిన వారానికే వియ్యపురాలు రెండు సంచులతో బస్సెక్కి, “వదినా, మా గేటు దగ్గర ఆపించు, ఇవి మోయలేను” అంది. కండక్టరమ్మ కుదరదని చెప్పబోయి, పిల్ల గుర్తొచ్చి నోరు మూసుకుంది. బస్సు ఆగిన రోజున ఆ ఇంట్లో పిల్లకి ఒక మంచిమాట దక్కకపోతుందా అనుకుంది. కూతురు ఫోనులో గొంతు తగ్గించి ఏదో చెప్పబోతే, “సర్దుకుపో తల్లీ, కొత్తలో అందరికీ ఉండేదే” అని తనే పెట్టేసేది. పొద్దున పనికి వెళ్ళే పిల్ల బస్సులో కనిపించడం మానేస్తే, మొగుడి బండి మీద పోతోంది కాబోలు అని తనకి తానే సర్దిచెప్పుకుంది. డ్రైవరు మాత్రం గేటు దగ్గర బ్రేకు నొక్కిన ప్రతిసారీ అద్దంలోంచి చూసి మీసం చాటున నవ్వేవాడు. ఆవిడకి ఒళ్ళు మండేది.

ఆ మధ్యాహ్నం వియ్యపురాలు పొరుగింటావిడతో కలిసి ఎక్కింది. కండక్టరమ్మ వెనకే నిలబడి ఉందని తెలిసీ గొంతు తగ్గించలేదు.

“మీ కోడలు కళ్ళజోళ్ళ కొట్టుకి పోవడం లేదేం?” అని అడిగింది పొరుగావిడ.

“మాన్పించి నెలయింది. వాళ్ళమ్మలా వీధినపడి నలుగురిలో అరిచే బతుకు మా ఇంట్లో కుదరదన్నాను. నాలుగురోజులు ఏడ్చింది, మానేసింది. వాళ్ళమ్మకే లేని రోషం దానికెందుకు? నేను వేలు చూపిస్తే బస్సంతటినీ తెచ్చి నా గేటు ముందు నిలబెడుతుంది!”

కళ్ళద్దాలకి చూపు కొలిచే పని నేర్చుకోవడానికి ఆ పిల్ల రెండేళ్ళు కష్టపడింది. ఫోనులో చెప్పబోయింది ఇదేనన్నమాట. చెప్పనివ్వనిది తనే. సిగ్గుతో కండక్టరమ్మ చెవులు కాలిపోయాయి. ఆ వెనకే కోపం వచ్చింది, ఇన్నేళ్ళలో ఏ ప్రయాణికుడి మీదా రానంత కోపం.

నీలం గేటు కనిపించింది. వియ్యపురాలు సంచులందుకుని లేచింది. డ్రైవరు అలవాటుగా అద్దంలోకి చూశాడు. కండక్టరమ్మ చెయ్యి తాడు మీదే ఉంది, లాగలేదు. గేటు వెనక్కి పోయింది.

“వదినా, ఆపు! ఇల్లు దాటిపోతోంది!”

“స్టాపులో ఆగుతుంది వదినగారూ.”

“ఏమిటీ వేళాకోళం? రోజూ ఆపుతావుగా!”

“రోజూ తప్పు చేశాను. ఇక చెయ్యను.”

“నీ కూతురు నా ఇంట్లో ఉంది, మరిచిపోకు!”

“అందుకేగా ఇన్నాళ్ళూ తలొంచాను. వంచేకొద్దీ మీరు నెత్తికెక్కారు. అవును, నలుగురిలో అరిచి తెచ్చిన డబ్బుతోనే నా కూతుర్ని పెంచాను. మీ స్టాపు వచ్చింది, మెట్టు చూసుకుని దిగండి.”

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. వియ్యపురాలు దిగి, కిందనుంచి వేలు చూపిస్తూ ఏదో అరిచింది. కండక్టరమ్మ రెండుసార్లు తాడు లాగింది. తన మీది కోపం ఆవిడ ఎవరి మీద తీర్చుకుంటుందో తెలియనిది కాదు. బస్సు ఆఖరి స్టాపు చేరగానే కూతురికి మూడుసార్లు ఫోను చేసింది. తియ్యలేదు.

పొద్దువాలే వేళ తిరుగు ట్రిప్పులో, అసలు స్టాపులో, కూతురు పెట్టెతో నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయిగాని మొహం తేటగా ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

“ఏమన్నారే?”

“నీ చేత క్షమాపణ చెప్పించమన్నారు. చెప్పించనన్నాను. నువ్వు గేటు దాటించేశావని వినగానే నవ్వాగలేదమ్మా, ఆవిడ ఎదురుగానే నవ్వేశాను.”

“మనింటికి పద.”

“వద్దు. కొట్టు మేడమీద గది ఖాళీగా ఉంది, యజమానితో మాట్లాడాను. రేపటి నుంచి పనికి కూడా వెళతాను. మీ అల్లుడు మొదట నసిగారు. నేను పెట్టె సర్దుతుంటే రెండు చొక్కాలు తెచ్చి అందులో పడేశారు. రేపొస్తారు.” కాస్త ఆగి అంది, “సర్దుకుపొమ్మంటావని నీకు ముందు చెప్పలేదు.”

ఆ మాట కండక్టరమ్మకి గట్టిగానే తగిలింది. “ఇంకెప్పుడూ అననే” అంది. కొట్టున్న వీధి స్టాపులో తాడు ఒకసారి లాగింది. కూతురు పెట్టె దింపుకుని, వెనక్కి చూడకుండా చకచకా నడిచి జనంలో కలిసిపోయింది.

డిపో చేరేముందు బస్సు ఖాళీ అయింది. జనం మరిచిపోయినవి ఏరి అప్పజెప్పడం కండక్టరమ్మ పని. ఇన్నేళ్ళలో ఒక్క గొడుగు కూడా వదల్లేదు. సీట్లన్నీ చూసుకుంటూ వచ్చి కూతురు కూర్చున్న చోట ఆగిపోయింది. పెళ్ళయిన మర్నాడు అత్తగారు కోడలి చేతిలో పెట్టిన గేటు తాళంచెవి, కావాలని పెట్టినట్టు సీటుకి సరిగ్గా మధ్యలో ఉంది. కండక్టరమ్మ దాన్ని ముట్టుకోలేదు. రెండుసార్లు తాడు లాగింది. ఎర్రదారం కట్టిన ఆ తాళంచెవి బస్సు కుదుపులకి కొంచెం కొంచెంగా సీటు అంచు వైపు జరుగుతూ పోయింది.