ఐదోసారి మోగిన బెల్లు

ఆఫీసులో ఆవిడని అందరూ అనుమానాలక్క అంటారు. ఊరికే అనరు మరి. బయటివాళ్ళు రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టే ప్రోగ్రాం ముక్కలని ప్యాకేజీలంటారు. వాటిని కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్కొక్కటీ ఏ వేషాలు వేస్తుందో కాపలా కాసే సాధనం ఒకటి ఆవిడ ఏడాదిపాటు కూర్చుని తయారుచేసింది. ఏదైనా తేడాగా కనిపిస్తే అది ఆ ప్యాకేజీని అక్కడికక్కడే ఆపేసి, గోడమీది కాలింగ్ బెల్ మోగిస్తుంది. ఆ బెల్లు కూడా అక్క ఇంట్లోంచి పీక్కొచ్చిందే.

ఇప్పటికి నాలుగుసార్లు మోగింది. నాలుగూ ఉత్తుత్తివే. ఇంకొక్కసారి ఇలా మోగితే ఆ సాధనాన్నే తీసి అవతల పారేస్తానని మేనేజరు తెగేసి చెప్పాడు. ఏడాది చాకిరీ గంగలో కలుస్తుందని అక్కకి బెంగ పట్టుకుంది.

ఆ రోజు పదకొండింటికి ఆసుపత్రులకి అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాం కొత్తది పంపాలి. సరిగ్గా పదిన్నరకి బెల్లు మోగింది. హాలంతా ఒకటే నవ్వు. మేనేజరు స్టూలెక్కి వైరు పీకేశాడు.

అక్క మాత్రం తెర వంక చూసింది. ఆగింది ఆ ప్రోగ్రాంకి కావలసిన, తేదీలు లెక్కకట్టే ప్యాకేజీ. ఫలానా తేదీ ఏ వారమో చెప్పడం తప్ప దానికి వేరే పనే లేదు. అలాంటిది, అడుగుపెడుతూనే పాస్‌వర్డులు దాచిన ఫైలు తెరిచింది, దాన్ని బయటెక్కడికో పంపబోయింది. టైమెంతయిందని అడగడానికి వచ్చినవాడికి బీరువాతో ఏం పని? ఆవిడకి భయమూ సంబరమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. దొరికాడు దొంగ!

మేనేజరు నమ్మితేనా. పదేళ్ళుగా లోకమంతా వాడుతున్న ప్యాకేజీ, నోరుమూసుకుని వదిలెయ్యమన్నాడు. నిన్ననే కొత్త వెర్షన్ వచ్చిందనీ, పది నిమిషాలు ఆగమనీ అక్క కాళ్ళావేళ్ళా పడింది. రాసినాయన నంబరు ప్యాకేజీ పేజీ అడుగునే ఉంది. ఫోను చేసి స్పీకర్లో పెట్టింది. ఎత్తినాయన రిటైరైన లెక్కల మాస్టారు.

“మాస్టారూ, నిన్న మీరు కొత్త వెర్షన్ పెట్టారా అండీ?”

“నేనా? దాని జోలికెళ్ళి రెండేళ్ళయిందమ్మా. వచ్చే వెయ్యేళ్ళకీ లీపు సంవత్సరాలు లెక్కేసి పెట్టేశాను. ఇంక కొత్తగా చెయ్యడానికేముంది?”

ఎవడో ఆయన ఖాతాలో దూరి ఆయన పేరుమీదే ఈ పని చేశాడని అక్క మెల్లగా చెప్పింది.

“నా పేరు పెట్టుకునా?” అన్నాడు పెద్దాయన.

అంతే, పావుగంటలో పాస్‌వర్డు మార్చి, ఆ దొంగ వెర్షన్‌ని తీసి పారేశాడు. పదకొండింటికి పాత వెర్షన్‌తోనే ప్రోగ్రాం ఆసుపత్రులకి వెళ్ళింది.

మేనేజరు మళ్ళీ స్టూలెక్కి వైరు తగిలించాడు. తప్పయిందనే మాట ఆ మనిషి నోట రాదు లెండి.

మధ్యాహ్నం బెల్లు ఇంకోసారి మోగింది. అదీ ఉత్తుత్తిదే. కానీ ఒక్కరూ నవ్వలేదు. అందరికంటే ముందు మేనేజరే కుర్చీ తోసుకుని అక్క తెర దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.