ఆగని కుట్టు

పప్పన్నం ముద్ద చేసి అత్తగారి నోటికి అందిస్తూ "ఉప్పు సరిపోయిందా అత్తయ్యా?" అని అడిగింది ఉషశ్రీ. పద్మావతమ్మ కుడి చెయ్యి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. ఆవిడేమో, "నువ్వూ రెండు ముద్దలు తినవే అమ్మాయ్, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో" అంటోంది. తిట్టినా బావుండు. నాలుగు చీవాట్లు పెడితే ఓ ఏడుపు ఏడ్చి ఊరుకునేది. ఇంత ప్రేమగా మాట్లాడుతుంటే తట్టుకోలేకపోతోంది. ఆవిడ చెయ్యి విరగడానికి కారణం తనే కదా. ఆ రోజు ఆవిడ పిలుపు వినపడింది. వినపడి కూడా లేవలేదు.

అసలు సంగతి చెప్పాలంటే ఆ ఎర్ర సీటు దగ్గర మొదలుపెట్టాలి. ఉషశ్రీ మొగుడు పవన్‌కుమార్‌కి ఆటోనగర్‌లో కార్ల సీట్లు కుట్టే షాపుంది. బోర్డు మీద ఆయన పేరు, ఆయన ఫొటో. కుట్టేది మాత్రం ఇంట్లో, వెనక వరండాలో, మిషన్ మీద ఉషశ్రీ. రెగ్జిన్ అయితే ఆయనా ఏదో లాగించేస్తాడు గానీ, తోలు దగ్గరికొచ్చేసరికి ఆయన కుట్టు వంకర టింకరగా పోతుంది. "నేనూ షాపుకొచ్చి అక్కడే కుడతానండీ" అని ఒకసారి అడిగింది. "ఆ మెకానిక్కుల మధ్య ఆడదానివి కూర్చుంటే నా పరువేం కావాలి? ఇంటిపట్టున ఉంటూ ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు కుట్లు వేస్తే సరిపోయేదానికి!" అన్నాడు. ఖాళీగా ఉన్నప్పుడట! వంటా, అంట్లూ, బట్టలూ, అత్తగారి మందులూ పోగా ఆ ఖాళీ ఎక్కడుందో ఆ మహానుభావుడే చూపించాలి.

ఆ సీటు గవర్నర్‌పేట ప్లీడరు పూర్ణచంద్రరావు గారి స్పోర్ట్స్ కారులో వెనకది. రెండే తలుపుల పాతకాలం బండి. వెనక సీటంటే పేరుకే, పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అయినా ఆయనకది మొదట్లో ఎలా ఉందో అలాగే కావాలి. ట్రాలీ ఆటోలో ఇంటికొచ్చేసరికి దాని తోలు అప్పడంలా పెళుసెక్కి ఉంది. స్ప్రింగులు తుప్పు పట్టాయి, లోపలి కొబ్బరి పీచు పొడిపొడిగా రాలుతోంది. ఉషశ్రీ పాత కుట్లన్నీ బ్లేడుతో నిదానంగా విప్పి, ముక్కలకి సుద్దతో గుర్తులు పెట్టుకుని, అట్టల మీద పరిచి గీసుకుంది. ఎవరో ఎప్పుడో కుట్టిన ఆ సన్నటి వరసలు చూస్తే ఎంత ముచ్చటేసిందో! తనూ అలాగే కుట్టాలని పంతం పట్టింది. కూర తాలింపు వేస్తున్నా అదే ధ్యాస. పెళ్ళయ్యాక ఏ పనీ ఇంత ఇష్టంగా చెయ్యలేదనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గూ వేసింది.

తోలు బట్టలాంటిది కాదు. సూది దిగిన చోట చిల్లు పడితే పడినట్టే, విప్పి మళ్ళీ కుడదామంటే కుదరదు. సీటు మధ్యలో పొడుగాటి వరస ఒకటుంది. చేత్తో లాగి పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్క బిగిన కుట్టాలి. మధ్యలో వదిలితే తోలు జారి వంకర తేలుతుంది. సరిగ్గా ఆ వరసలో ఉండగా బాత్‌రూమ్ వైపు నుంచి, "అమ్మాయ్, ఒకసారి రావే" అని వినపడింది. రోజూ అత్తగారి చెయ్యి పట్టుకుని ఆ గడప దాటించేది ఉషశ్రీయే. "వస్తున్నా అత్తయ్యా, ఒక్క నిమిషం" అంది గానీ మిషన్ ఆపలేదు. వరస పూర్తయింది. అబ్బ, ఎంత బాగా వచ్చిందో! ఆ సంతోషంలో ఉండగానే ధబ్బుమని చప్పుడైంది.

ఆస్పత్రిలో మొగుడి దగ్గర దాచకుండా చెప్పేసింది. "పిలుపు వినపడిందండీ. ఆ వరస అయ్యాక లేద్దామనుకున్నా." పవన్‌కుమార్ అందరి ముందే అరిచాడు. "మా అమ్మ కంటే ఆ తోలు ముక్క ఎక్కువైపోయిందా నీకు? అసలు మనిషివేనా నువ్వు?" ఆడపడుచు ఫోన్‌లో, "మిషన్ మోజులో మా అమ్మని చంపేసేలా ఉన్నావు వదినా" అంది. వాళ్ళనేది నిజమే కదా అనుకుంది ఉషశ్రీ. ఆ పని ఎవరి షాపుదని ఎవరూ అడగలేదు, తనకీ తట్టలేదు. మిగిలిన సీటు కళ్ళు తుడుచుకుంటూ పూర్తిచేసింది. ఇక జన్మలో మిషన్ ముట్టుకోనని దేవుడి ముందు ఒట్టు పెట్టుకుని, దాని మీద పాత దుప్పటి కప్పేసింది.

ఆదివారం పొద్దున ప్లీడరు గారు సీటు చూసుకోడానికి ఇంటికే వచ్చారు. హాల్లో పెట్టిన ఆ ఎర్ర తోలు మీద చేత్తో రాసి రాసి చూశారు. "అద్భుతం పవన్‌కుమార్ గారూ! ఈ మధ్య వరస చూడండి, ఎక్కడా చెయ్యి ఆగినట్టే లేదు" అన్నారు. ఉషశ్రీ కాఫీ గ్లాసుతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పద్మావతమ్మ పక్కన కుర్చీలో కూర్చుంది.

"దాని వెనక పెద్ద కథే ఉందండీ" అన్నాడు పవన్‌కుమార్. "సరిగ్గా ఆ వరస కుడుతుంటే మా అమ్మ పిలిచింది. లేస్తే తోలు పాడైపోతుంది. గుండె రాయి చేసుకుని ఆపకుండా కుట్టేశాను. ఈలోగా పాపం అమ్మ పడిపోయింది. అదిగో, కట్టు చూడండి."

"అయ్యయ్యో!" అన్నారు ప్లీడరు గారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "పనంటే అంత దీక్ష ఉన్నవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడండీ! అమ్మగారూ, మీ అబ్బాయి మామూలు మనిషి కాదు."

పద్మావతమ్మ కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది.

ఉషశ్రీ మొగుడి మొహం వంక చూసింది. మనిషివేనా అని తనని అడిగిన నోరే కదా ఇది! అదే పిలుపు, అదే వరస. తను లేవకపోతే పాపం, ఆయన లేవలేదంటే దీక్ష! ఇన్నాళ్ళూ తన కుట్లన్నీ ఆయన పేరు మీదే పోయాయి, పోనీలే అనుకుంది. ఇప్పుడు లోపల తనని తినేస్తున్న ఈ బాధని కూడా ఆయనే పట్టుకుపోతున్నాడు. అదొక్కటీ ఇవ్వబుద్ధి కాలేదు.

వెళ్ళి గ్లాసు ప్లీడరు గారి చేతికిచ్చింది.

"అత్తయ్య పిలిస్తే లేవనిది నేనండీ. ఆ తప్పు నాదే, ఈయనది కాదు" అంది. "కుట్టు కూడా నాదే."