మూడు గజాల సున్నపు గోడ

మా ఆయన కాలు మళ్లీ రంజన్‌కు తగిలింది. ఎదురెదురుగా ఉన్న రెండు తలుపుల మధ్య, సరిగ్గా నడిచే దారిలో ఆ నీళ్ల కుండను పెట్టింది మా అత్తమ్మ గంగుబాయి.

"అవ్వా, ఇల్లంత ఉండంగ ఇది నడితొవ్వల ఎందుకు? మూలకు పెట్టరాదు?"

"మూలకు గాలుంటదా? కింద జూసి నడువు రాజేశ్వరా. ఇంజనీరువట."

"ఇంజనీర్ను గాదు, ఓవర్సీర్ను."

"గందుకే తగిలింది."

ఆయన దాన్ని మూలకు జరిపాడు. ఆయన చొక్కా వేసుకునేలోపే ఆమె మళ్లీ తెచ్చి పెట్టింది. నిజామాబాదులో మా ఇంట్లో మూడు రోజులుగా ఇదే తగువు. నేను ఇంకో కుండ నింపి మూలకు పెట్టాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు రెండింటిలోంచి చెరో గ్లాసు ముంచి ఇచ్చాను. రెండూ తాగాడు. మూలకుండ నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. దారిలో కుండ నీళ్లు పళ్లకు జిల్లుమన్నాయి. ఆ తరువాత రంజన్ మాట ఎత్తలేదు.

అది డెబ్బై మూడు ఎండాకాలం. మెండోర వైపు అడవిలో ఒక పార్కు పెడుతున్నారు. చూడడానికి వచ్చే జనం కాసేపు కూర్చుని, ఆ అడవి సంగతులు తెలుసుకుని పోవడానికి ఒక భవనం కావాలి. దాని ప్లాను గీసే పని మా ఆయనకు వచ్చింది. ఆ మధ్యాహ్నం కాగితం నేలమీద పరిచాడు. పొడుగాటి హాలు, సిమెంటు రేకుల కప్పు, నాలుగు ఫ్యాన్లు. కొట్టెయ్యాల్సిన పదకొండు చెట్ల మీద ఎర్ర పెన్సిలుతో అడ్డగీతలు.

"ఫ్యాన్లు ఏ తీగకు తగిలిస్తరు?" అన్నాను.

"కరెంటు ఎప్పుడో ఒకప్పుడు వస్తది గద."

"అందాక?"

ఆయన తల తిప్పి రంజన్ వైపు చూశాడు. తరువాత రబ్బరు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం చాయ్ మూడుసార్లు చల్లారింది. కాలేజీలో చదివిన ఫిజిక్సు ఇన్నేళ్లకు నా చేతికి పనికొచ్చింది. హాలును మూడు చిన్న గదులుగా విడదీసి చెట్ల సందుల్లో పెట్టాం. ఎదురెదురు తలుపులు. పడమటి గోడలో ఇటుకల మధ్య వరసగా ఖాళీలు, వాటి వెనక రంజన్లు. పైన గూనపెంకులు. ఒక్కొక్క చెట్టు మీది గీతను నేనే చెరిపాను. పదకొండోది ఇప్పచెట్టు. అది చెరిపేటప్పటికి రబ్బరు గోరంతే మిగిలింది.

సిమెంటు పర్మిటు దొరకడమే గగనంగా ఉన్న రోజులు. దాని బదులు గానుగ సున్నం వాడదామన్నాడు మా ఆయన. అడవిలో కరక్కాయలు రాలిపడి ఉంటాయి. సున్నంలో కలిపే బెల్లం బదులు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి మడ్డి తెప్పించుకోవచ్చు. ఆ రెండూ నానిన నీళ్లతో సున్నం నూరితే గోడ రాయిలా నిలుస్తుంది.

ప్లాను చూసిన అటవీ అధికారి దేవిదాస్ గారు ఒక్కటే షరతు పెట్టారు. "మూడు గజాల గోడ కట్టి చూపెట్టుండ్రి. నెలకు వస్త. గట్టిగుంటే మీ ప్లాను. లేకుంటే రేకులు, చెట్లు కొట్టుడు."

సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ లాజరును పట్టుకొచ్చాం. మెథడిస్టు వాళ్ల పాత చర్చీలకు గోడలు పెట్టిన చెయ్యి. అడవిలో నీళ్లు చాలవని పీపాను మా పెరట్లోనే పెట్టి, కరక్కాయలు నానేసి, ఒకే ఒక చెంబు మడ్డి పోశాడు. "వారం నానాలె. ఇంకేం కలపొద్దు సుమిత్రమ్మా" అని నాతో చెప్పి పోయాడు. బోధన్ నుంచి వచ్చినవి రెండు డబ్బాలు. మిగిలిన మడ్డిని చూరు కింద పెట్టాను.

పీపా నానేసిన పన్నెండో రోజుకు అడవిలో గోడ లేచి అయిదు రోజులైంది. చూడడానికి వెళ్లాం. మా ఆయన ఇటుకల సందున బొటనవేలు పెట్టాడు. వేలు లోపలికి దిగింది.

లాజరు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నలభై ఏండ్లల్ల గిట్ల గాలె సారూ. ఇది గోడ గాదు, అరిసెల పాకం."

బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి, "రేకులే రాసిస్త" అన్నాడు.

ఇంటికి రాగానే నేను చూరు కిందికి పోయాను. ఒక డబ్బా ఖాళీ. రెండోది సగం. లాజరు పోసింది ఒక్క చెంబేనని నాకు తెలుసు. అయినా ఎవరినీ అడగలేదు. ఆ రోజే ఒక్క చెంబు మడ్డితో కొత్త పీపా నానేసి, మూత మీద సన్నెకల్లు బండ పెట్టాను. తడి సున్నంతో అయిదు బిళ్లలు చేసి మిద్దె మీద వరసగా పెట్టాను. మొదటిదాంట్లో మడ్డి లేదు. తరువాతవాటిలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది చెంచాలు. రోజూ ఒకే వేళకు గోరుతో గీసి చూశాను.

ఆరో రోజు అత్తమ్మను పైకి పిలిచి, "జర ఒత్తి చూడుండ్రి" అన్నాను. ఒక చెంచా బిళ్ల మీద ఆమె గోరు జారిపోయింది. ఎనిమిది చెంచాల బిళ్లకు వేలు అంటుకుంది. ఆ వేలును కొంగుకు తుడుచుకుంది.

"నేనే పోసిన. అటు పోయినప్పుడల్ల ఒక చెంబు. బోధన్ బిడ్డనై ఉండి తీపికి తక్కువ చేస్తనా అనుకున్న." తరువాత నా వైపు చూసింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"డబ్బా తేలికైనప్పుడు."

"మరి అడగలే?"

"అడిగితే లేదందురు గద."

ఆమెకు నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. కిందినుంచి మా ఆయన ఏమైందని కేకేస్తే ఇద్దరం ఒకేసారి "ఏం లే" అన్నాం. భోజనాల దగ్గర ఆమే చెప్పింది. ఆయన అన్నం వదిలేసి లాజరు కోసం సైకిలెక్కాడు.

రెండో గోడ లేచింది. పదో రోజున దేవిదాస్ గారు జీపులో వచ్చారు. అత్తమ్మా నేనూ ముందు బస్సుకే అక్కడికి చేరాం. ఆయన చేతికర్ర మొనతో కొట్టారు. చాకుతో గీకారు. తెల్లటి గీత తప్ప ఏమీ రాలలేదు. గోడకు అవతలి వైపు నిలబడ్డారు. ఇటుకల ఖాళీల్లోంచి గాలి వచ్చి ఆయన చొక్కా ఉబ్బింది. లాజరు రంజన్లో నీళ్లు ముంచి ఇచ్చాడు.

"ఇక్కడ ఐసు ఏడ దొరికింది?"

"గా బొక్కలల్ల సారూ."

ఆయన రెండో గ్లాసు అడిగి తాగారు. మాతో ఏమీ చెప్పకుండా మా ఆయనను జీపులో ఎక్కించుకుని పోయారు. అత్తమ్మా నేనూ బస్సెక్కి ఇంటికి వచ్చాం.

పొద్దుగూకాక మా ఆయన వచ్చాడు. కాళ్లు కడుక్కుని కూర్చుని, రొట్టె తుంచి పప్పులో ముంచాడు. ఒక రొట్టె అయిపోయింది.

"చెప్తవా, పల్లెం గుంజుకోవాల్నా?" అంది అత్తమ్మ.

"పాసైంది." నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఒక్క చెట్టు ముట్టొద్దని రాసిండు. కాని పని మొత్తానికి ముప్పై పీపాలు ఆడనే నానెయ్యాలె, నీళ్ల బండి పంపుతడట. దినాం ఆడ ఉండి కొలత ఎవరు జూస్తరని అడిగిండు. రేపు చెప్త అన్న."

'నేను జూస్త' అనే మాట నా నోటిదాకా వచ్చింది. అయినా పప్పు గిన్నె చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఇల్లు, పొయ్యి, బస్సు వేళలు నా మనసులో తిరుగుతున్నాయి.

అత్తమ్మ వేడి రొట్టె ఒకటి తీసి నా పళ్లెంలో వేసింది.

"సుమిత్ర జూస్తది. సోమారం సంది పొద్దుగాల బస్సుకు పోయి పొద్దుమీకి వస్తది. వంట నేను జేస్త." ఇంకో రొట్టె తట్టడానికి పిండి అందుకుంటూ కొడుకుతో అంది, "లాజరుకు జెప్పు. పీపాల దిక్కు నన్నైతే రానియ్యొద్దని."