హనుమయ్య గారు ఉమ్మిన బెల్లం

వన్ టౌన్‌లో బెల్లం వ్యాపారి హనుమయ్య గారి నాలుక మీద రైతులకు ఎంత గురి అంటే, ఆయన కళ్లు మూసుకుని ముక్క చప్పరిస్తున్నంతసేపూ పరీక్ష రాసిన పిల్లల్లా బిక్కుబిక్కుమంటూ నిలబడేవారు. చెరకు ఉప్పునీటి పొలంలోదా, పాకం మాడిందా, రంగు కోసం మందు కలిపారా, అన్నీ ఠక్కున చెప్పేసేవారు. కొట్లో పక్కనే కూర్చుని పని చూసుకునే కోడలు సింధూరి పైకి అనేది కాదు గానీ, ఆ నాలుకంటే ఆమెకూ భక్తే.

ఆ నాలుకే కొంప ముంచింది. డెబ్బై దాటిన ఆయనకు వీధి చివరిదాకా నడిస్తే చాలు, పిక్కలు పట్టేస్తున్నాయి. డాక్టరు స్కానింగ్ తీయించి, కాళ్లలో రక్తనాళాలు సన్నబడ్డాయన్నాడు. మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్షలో ఏడు లోపు ఉండాల్సిన అంకె పది దాటింది.

"ఇలాగే ఉంటే నాళాలు ఇంకా పూడుకుపోతాయండీ. చిన్న పుండు పడినా మానదు. కాలే తీయాల్సి రావచ్చు. స్వీట్లు బాగా తింటున్నారా?"

హనుమయ్య గారికి రోషం పొడుచుకొచ్చింది. "స్వీటు ముట్టి ఎన్నేళ్లయిందో! కాఫీలో కూడా పంచదార వెయ్యదు మా ఆవిడ."

అబద్ధం కాదు. మందులు ఒక్క పూట తప్పని మనిషి. పండక్కి వండిన బూరెల్ని కన్నెత్తి కూడా చూడరు. ఆటోలో తిరిగొస్తుంటే సింధూరికి తట్టింది.

"మరి కొట్లో తినేదో, మావయ్యా?"

"కొట్లో ఏం తింటున్నానమ్మా?"

"పొద్దుట్నుంచీ ముక్క మీద ముక్క."

"అది తినడమా! సరుకు చూడ్డం."

"తినే నోరూ సరుకు చూసే నోరూ వేరువేరా?"

ఇన్నాళ్లూ పక్కనే ఉండి కనిపెట్టలేకపోయినందుకు సింధూరికి తన మీద తనకే కోపం వచ్చింది. పోనీ ఇంకొకరు రుచి చూస్తారని ఆమె అంటే, రైతులు తన నాలుకను నమ్మి వస్తున్నారన్నారు ఆయన.

"అయితే చప్పరించి ఉమ్మెయ్యండి."

"ఉమ్మటమా?" ఆ వీధిలో వ్యాపారి బెల్లం ఉమ్మాడంటే సరుకు వద్దన్నట్టే. రైతు మారుమాట్లాడకుండా బండి తిప్పుకుపోవాలి. "చెమటోడ్చి వండినవాడి ఎదురుగా ఉమ్మే కంటే కాలు పోవడమే నయం."

అన్నంత పనీ చేసే రకం ఆయన.

మర్నాడు పొద్దున్నే ఉయ్యూరు వైపు నుంచి యేసుబాబు అనే రైతు సరుకు దించాడు. వెనక ఇంకొందరు రైతులున్నారు. హనుమయ్య గారు ఎదురుగా స్టీలు బేసిను పెట్టుకుని లేచి నిలబడ్డారు. ఎవరికీ తల వంచి ఎరగని మనిషి, అందరికీ చేతులు జోడించారు.

"ఒక్క మాటయ్యా. నా కాళ్లకి రక్తం అందట్లేదంట. తీపి లోపలికి పోకూడదంట. ఇకమీదట రుచి చూసి ఉమ్మేస్తాను. మీ సరుకుని తక్కువ చేసినట్టు కాదు. ఏమీ అనుకోవద్దు."

రాత్రంతా ఆయన మనసు ఎంత నలిగి ఉంటుందో సింధూరికి అర్థమైంది. లేచి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

యేసుబాబు తెచ్చిన బెల్లం దిమ్మ నుంచి గిల్లిన ముక్క నోట్లో వేసుకుని ఆయన కళ్లు మూసుకున్నారు. చప్పరించారు. బేసిను మీదికి వంగారు. ఉమ్మలేకపోయారు. తలెత్తి యేసుబాబు మొహం చూశారు. ఇక మింగేస్తారనుకుంది సింధూరి.

యేసుబాబు గబగబా ముందుకొచ్చి, బేసిను రెండు చేతులా ఎత్తి ఆయన గడ్డం కింద పట్టుకున్నాడు.

"ఉమ్మండి హనుమయ్య గారూ. నా బెల్లమేగా! నాకు లేని నామోషీ మీకెందుకండీ?"

ఆయన ఉమ్మారు. కళ్లనీళ్లు కూడా అందులోనే రాలాయి. సింధూరి అందించిన నీళ్లతో పుక్కిలించి, గొంతు సవరించుకుని, "మొదటి రకం" అన్నారు.

యేసుబాబు బేసిను కింద పెట్టలేదు. పక్క రైతు సరుకు కోసం అలాగే పట్టుకుని నిలబడ్డాడు.