మిర్యాలగూడలో ఆదివారం క్లాసు

కోదాడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేత్తో కాల్స్ కలిపే ట్రంకు బోర్డు తీసేసి నెల దాటినా రేణుకమ్మ చెవుల్లో దాని హోరు పోలేదు. పన్నెండేళ్లు హెడ్‌ఫోను పెట్టుకుని ఊళ్లను ఊళ్లతో కలిపిన మనిషి ఆమె. తొంభై రెండులో కొత్త యంత్రం వచ్చింది. జనం నంబర్లు వాళ్లే తిప్పుకోసాగారు. ఆమెను ఫిర్యాదుల రిజిస్టరు ముందు కూర్చోబెట్టారు. రాస్తూ రాస్తూనే ఎటో వెళ్లిపోయేది. నీళ్ల అడుగున మాట్లాడినట్టు లైన్లో వినిపించే పాత గొంతులు చుట్టూ తేలుతూ ఉండేవి.

ముప్పై ఏడేళ్లకు ఇంకో పనిలోకి మారాలన్న కోరిక అలాంటి మగతలోనే పుట్టింది. బీఏ ఎప్పుడో అయిపోయింది. ఉద్యోగం చేస్తూనే ఎంబీఏ చదవొచ్చని పేపర్లో చూసి మూడు చోట్ల నుంచి వివరాల పుస్తకాలు తెప్పించింది. ఒకటి హైదరాబాదులో సాయంత్రం కాలేజీ. ఇంకొకటి పాఠాలన్నీ పోస్టులో పంపేది. మూడోది మిర్యాలగూడలో, ఒక బడి గదుల్లో ఆదివారాలు మాత్రమే నడిచేది. మధ్యాహ్నం నడుం వాల్చి హైదరాబాదు కాలేజీ పుస్తకం అట్ట మీది మేడను చూస్తూ కళ్లు మూసుకుంటే, ఆ మెట్లు తానే ఎక్కుతున్నట్టుండేది. ఎన్ని మెట్లెక్కినా హెడ్‌ఫోను తీగ వెనకాలే ఈడ్చుకుంటూ వచ్చేది.

భర్త మైసయ్యకు కోదాడ పక్కనే అనంతగిరి దగ్గర గొర్ల మంద ఉంది. నాలుగు రోజులు ఆమెను గమనించి, చివరికి అన్నాడు.

"నాకు ఆ సదువుల సంగతి తెల్వది. మందను కొత్త బీడుకు తోలే ముందు నేనొక్కన్నే పోయి నడిచి సూసొస్త. గడ్డుందా, నీళ్లున్నయా అని. నువ్వు గూడ పోయి సూసిరా."

సెలవు పెట్టి ముందు హైదరాబాదు వెళ్లింది. కాలేజీ నిజంగానే బాగుంది. కానీ అక్కడ చదవాలంటే బదిలీ కావాలి. అది ఎప్పుడొస్తుందో ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. వచ్చినా మైసయ్య మందను వదిలి రాలేడు. మెట్ల మీద కాసేపు కూర్చుని తిరిగొచ్చేసింది.

తర్వాతి ఆదివారం మిర్యాలగూడ బస్సెక్కింది. అక్కడి ఎక్స్‌ఛేంజిలో ఫూల్‌సింగ్ అనే ఆపరేటరు రెండేళ్ల క్రితమే పోస్టు కోర్సులో చేరాడు. పన్నెండేళ్లుగా లైన్లో రోజూ మాట్లాడుకున్న మనిషే గాని, ముఖం చూసింది లేదు. వస్తున్నానని ముందే ఫోను చేసి చెప్పింది. హుజూర్‌నగర్ దాటాక కిటికీలోంచి వరి పచ్చగా ఊగుతూ వచ్చింది. కునుకులోనే కాలువ నీళ్లు మెరిశాయి, మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన తగిలింది. గొంతును బట్టి ఆమె ఊహించుకున్నది భారీ మనిషిని. బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడ్డది మాత్రం నెరిసిన మీసాల బక్కమనిషి.

"కోదాడేనా?" అని అడిగాడతను.

ఆమె కళ్లు మూసుకుని, లైన్లో అన్నట్టే "కోదాడే, చెప్పండి" అంది. అప్పుడుగాని ఇద్దరికీ ఒకరినొకరు గుర్తుపట్టినట్టు అనిపించలేదు.

టీ తాగుతూ పోస్టు కోర్సు సంగతి అడిగింది. అతను దాచలేదు.

"పుస్తకాలు టైముకే వస్తయక్కా. కోర్సు ఖరాబేం కాదు. ఇంటికాడ ఒక్కన్నే కూసుంటె నాకే నిద్రొస్తది. కట్టలు విప్పకుండ గట్లనే ఉన్నయి."

ఇద్దరూ కలిసి ఆదివారం క్లాసుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. ఇరవై మంది దాకా ఉన్నారు, అందరూ ఏదో ఒక ఉద్యోగం చేస్తున్నవాళ్లే. రిటైరైన కామర్స్ లెక్చరరు ఉప్పలయ్య సారు పాఠం చెబుతున్నాడు. మిల్లు గేటు ముందు ఇరవై వడ్ల లారీలున్నాయి, తూకం వేసే కాంటా ఒక్కటే, లొల్లి కాకుండా ఎట్లా నడుపుతారని అడిగాడు. ఎవరో ఇంకో కాంటా కొనాలన్నారు. అంతలో ఇంకో గొంతు లేచింది. ఎవరు మాట్లాడుతున్నారా అని రేణుకమ్మ చూసేలోపు అర్థమైంది, అది తన గొంతేనని.

"అందరి తొందరా ఒక్కటి కాదు సార్. మా ట్రంకు బోర్డు మీద చావు కబురున్నోళ్లను ముందు కలిపేవాళ్లం. గట్లనే తడిసిన వడ్ల లారీని ముందు పంపాలె, ఎండినవి ఆగుతయి. ఆగేటోళ్లకు ఎంతసేపైతదో ముందే చెప్పాలె. చెప్పకుండ కూసోబెడితే పది నిమిషాలే పది గంటలైతది."

సారు ఆ మాటలు బోర్డు మీద రాశాడు. పేరడిగి, "ఇది వచ్చే నెల పాఠం. సగం నువ్వే చెప్పినవమ్మా" అన్నాడు.

ఆమెకు ఒళ్లు తేలికైంది. పన్నెండేళ్ల పని పాత బోర్డును ఎత్తుకెళ్లిన లారీలోనే వెళ్లిపోయిందని అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. క్లాసు అయ్యాక ఆ బెంచీ మీదే దరఖాస్తు నింపింది. ఫూల్‌సింగ్ తనకూ ఒక ఫారం తెచ్చుకున్నాడు.

మూడేళ్ల కోర్సు ఆమెకు నాలుగేళ్లు పట్టింది. స్టాటిస్టిక్స్ రెండుసార్లు తప్పింది. ఫూల్‌సింగ్ మూడుసార్లు తప్పి, ఆమె తర్వాత ఏడాదికి గట్టెక్కాడు. సూర్యాపేటలో కొత్తగా తెరిచిన ఒక దవాఖానలో మేనేజరు పని దొరికితే, సర్కారు కొలువు వదులుకుంటావా అని బంధువులంతా తిట్టారు. మైసయ్య మాత్రం మంద కోసం సూర్యాపేట పక్క బీళ్లు నడిచి చూసొచ్చి, సామాను కట్టడానికి తాళ్లు తెచ్చాడు.

మొదటి రోజు ఆమె అందరికంటే ముందే దవాఖానకు చేరింది. వరండా ఇంకా తడిగా, ఫినాయిలు వాసనతో ఉంది. గేటు దగ్గర చివ్వెంల నుంచి వచ్చిన ఒక ముసలామె చీటీ పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడి ఉంది. రేణుకమ్మ కుర్చీ ఒకటి తెచ్చి వేసి, డాక్టరు ఎన్నింటికి వస్తాడో చెప్పింది.