నీళ్లు లేని కొలను

విల్బర్ట్ ఈతకొలనులో లోతువైపు అడుగు ఊడుస్తున్నాడు. నగరపాలక సంస్థ ఈ కొలనును ఎండబెట్టి ఏళ్లయింది. గాలికి ఎగిరొచ్చే ఆకులు, చిప్స్ కవర్లు తప్ప అందులో పడేదేమీ లేదు. అయినా రోజూ పొద్దున్నే నిచ్చెన దిగుతాడు. ఊడవమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. భారీ మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. ఈ మధ్య ఎడమ భుజం లాగుతోంది కూడా. డాక్టరు దగ్గరికి వెళ్లాలని అనుకుంటూనే ఉన్నాడు.

కొలను మూసిన వేసవిలోనే పేట పిల్లలు ఈతకని నదికి పోయారు. విల్బర్ట్ కొడుకు డెమండ్ తిరిగి రాలేదు. వాడికి ఈత నేర్పిద్దామనుకున్న ఏడాదే ఇక్కడ తాళం పడింది. తెల్లవాళ్ల పేటల్లో ఒక్క కొలనుకూ పడలేదు. ఆ సంగతి నల్లవాళ్లుండే ఈ ఉత్తరపేటలో అందరికీ తెలుసు కనుక ఎవరూ కొత్తగా చెప్పుకోరు.

ఈ రోజు మాత్రం అతనికి ప్రాణం లేచొచ్చినట్టుంది. నల్లవాళ్ల పేటలకు ఇన్నాళ్లూ ఎగ్గొట్టిన వాటా ఇక ఇస్తామని నగరం కొత్త విధానం పెట్టింది. ఏం కావాలో పేటవాళ్లే తేల్చుకోవాలట. సాయంత్రం, విల్బర్ట్ కాపలా చూసే పక్క హాల్లోనే సభ. రెండు అట్టలు పంపారు. ఒకదాని మీద నీళ్లతో కళకళలాడే కొలను, రెండోదాని మీద కొలను పూడ్చి వేసిన పూలతోట. ఎవరికి ఏది కావాలో దాని మీద ఎర్రచుక్క అంటించాలి. విల్బర్ట్ కొలను అట్టను తలుపుకెదురుగా నిలబెట్టాడు. నగరం జీతం తినేవాడు చేయకూడని పనే, కానీ చేశాడు.

కొలను పక్కింటి పర్విస్ చూసి నవ్వాడు. "ఎండిన కొలనుకి ఇన్నాళ్లూ చీపురు పట్టావు. నీళ్లొస్తే ఏం పడతావురా?"

సభకు అందరికంటే ముందు మదర్ ఆర్లెతా వచ్చింది. చర్చిలో పెద్దావిడ. ఆమె ముట్టందే విందులో ఎవరూ ప్లేటు ముట్టరు, ఆమె ఎత్తందే పాట ఎత్తరు. చూపు బాగా మందగించింది. తలుపుకెదురుగా ఉన్నదాని మీదే అంటించమని విల్బర్ట్ ఆమె చెవిలో చెప్పి, కుర్చీలు చాలక నేలమాళిగలోకి వెళ్లాడు.

నగరం నుంచి వచ్చిన అమ్మాయి మంచిదే. కొలను బొమ్మ మీద ఎండ పడి సరిగా కనిపించడం లేదని, అందరికీ మేలు చేద్దామని, రెండు అట్టలనూ అటూ ఇటూ మార్చింది. విల్బర్ట్ కుర్చీలతో పైకి వచ్చేసరికి మదర్ చుక్క పూలతోట మీద ఉంది. ఆమె వెనక వరస కట్టినవాళ్లంతా కొలను కోసం వచ్చినవాళ్లే. ఒక్కొక్కరూ ఆ చుక్క చూసి ఒక క్షణం ఆగారు, తర్వాత దాని పక్కనే తమ చుక్క అంటించారు.

విల్బర్ట్ పర్విస్ చెయ్యి పట్టుకున్నాడు. "అది తోటరా."

"కనబడతానే ఉంది. ఇంతమందిలో ఆవిణ్ణి తప్పుపట్టమంటావా? నువ్వు చెప్పు పోయి."

విల్బర్ట్ చెప్పలేకపోయాడు. ఒక పేట ఇంత ఒక్కమాట మీద ఉండటం తానెక్కడా చూడలేదని ఆ అమ్మాయి సంతోషపడింది. వచ్చే నెలలోనే మట్టి తోలిస్తామంది. అందరూ నేల చూశారు.

వెళ్లేముందు మదర్ అతని భుజం తడిమింది. "నాయనా, నువ్వు చెప్పినదాని మీదే అంటించాను కదూ? మన డెమండ్ పేరు తలుచుకునే అంటించానురా."

"దాని మీదే మదర్. సరిగ్గా దాని మీదే."

ఆమె తృప్తిగా వెళ్లిపోయింది. విల్బర్ట్ కుర్చీలు మడిచాడు, హాలు ఊడ్చాడు, తాళం వేశాడు. ఇంకా వెలుగుంది. ఇంటి దారి పట్టకుండా వెనక్కి, కొలను వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున చీపురు చప్పుడు వినబడక పర్విస్ వెళ్లి చూశాడు. లోతువైపు గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, విల్బర్ట్ కూర్చున్నచోటే చనిపోయి ఉన్నాడు. పైన గట్టు మీద, నీళ్లు చిమ్మినా తడవనంత దూరంలో, అతని బూట్లు జతగా ఉన్నాయి, లోపల మడిచిపెట్టిన మేజోళ్లతో.