గంగి ఎక్కడ మళ్లింది

నేను ఒక థర్మామీటరును. జ్వరం వస్తే నోట్లో పెట్టుకునే రకం కాదు, గోడకు తగిలించే రకం. జానెడు చెక్క, దాని మీద సన్నటి గాజు గొట్టం, అందులో పాదరసం. ఒకచోట నిలకడగా ఉండడం నా పుట్టుకలోనే లేదు. ఉత్తరాదిన ఒక ఇరుకు వీధిలో గాజు ఊదే ముసలాయన నన్ను కరుగుతున్న మంచులో ఒకసారి, వేడినీళ్లలో ఒకసారి ముంచి గీతలు పెట్టాడు. ఇక ఇది అబద్ధమాడదు అని పక్కవాడితో అన్నాడు. ఆడలేదు కూడా. అయితే నన్ను ఎక్కడ తగిలించాలో మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లు పట్టుపురుగుల షెడ్డులో ఉన్నాను. అక్కడ నేను రెండు డిగ్రీలు ఎక్కితే చాలు, ఇంటిల్లిపాదీ తడి గోనెపట్టాలు పట్టుకుని ఉరుకులు పరుగులు. వేలెడంత లేని పురుగుకు అంత మర్యాద చూసి, మనుషులు అందరినీ ఇలాగే చూసుకుంటారు కాబోలు అనుకున్నాను. ఆ షెడ్డు మూతపడ్డాక బొగ్గుగనుల పక్కనున్న ఒక చిన్న జూకి చేరాను.

అక్కడ గంగి ఉండేది. హిమాలయాల నుంచి తెచ్చిన గోధుమరంగు ఎలుగుబంటి. ఒళ్లంతా దుప్పటిలాంటి బొచ్చు, ఉక్కపోస్తే విప్పి పక్కన పెట్టుకునే వీలు లేదు. ఊళ్లో చూస్తే రోళ్లు పగిలే ఎండలు. దాన్ని చూసుకునే రాజలింగుకు అదంటే ప్రాణం. పదకొండేళ్లుగా దానికి పుచ్చకాయ ముక్కలు కోసి పెట్టాడు, మంచుగడ్డలు మోసుకొచ్చాడు.

నాకు ముందు బోను కమ్మీలకు వేలాడిన థర్మామీటరును గంగి ఒక్క దెబ్బతో పగలగొట్టిందట. ఆఫీసులో రాజలింగును నిలబెట్టి కడిగేశారట. అందుకని నన్ను ఆయన కంటికి రెప్పలా చూసుకున్నాడు. బోను పక్కనే తాను కూర్చునే గదిలో, వట్టివేళ్ల తడిక వెనక, మంచినీళ్ల రంజనుకు పైగా గోడకు మేకు కొట్టి తగిలించాడు. రోజూ మధ్యాహ్నం రెండింటికి తడిక మీద నీళ్లు చల్లి, కళ్లద్దాలు పెట్టుకుని నన్ను చదివేవాడు. పుస్తకంలో 'గంగి బోను: 29' అని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. ఆయనా అబద్ధం రాయలేదు, నేనూ చెప్పలేదు. చల్లగా ఉన్నది గంగి బోను కాదు, నేనున్న గది. గోడ అవతల సిమెంటు మీద గోళ్ల చప్పుడు, ఎగశ్వాస పొద్దస్తమానం వినిపించేవి. నాలో పాదరసం పైకి పోవాలని కొట్టుకునేది. తడిక గాలి దాన్ని కదలనిచ్చేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

మూడేళ్లు అలాగే గడిచాయి. నాలుగో ఎండాకాలం మొదట్లో డాక్టరు వసుంధర ఆ జూకి వచ్చింది. గంగిని చలికొండల్లోని జూకి పంపాలని పట్టుబట్టింది. బోనులో వరసగా పది రోజులు ముప్ఫై ఐదు దాటితేనే పంపాలని పెద్దాఫీసు నియమం. వాళ్లు పుస్తకం చూసి, చల్లగానే ఉంది కదా అని ఎండాకాలం చివర్లో ఫైలు తిప్పి పంపారు. ఆమె ఆ ఫైలుతోనే నేరుగా గదికి వచ్చి థర్మామీటరు ఎక్కడని అడిగింది.

రాజలింగు గర్వంగా నన్ను చూపించాడు. "ఎండ తగిలితే పలుగుతదని నీడల పెట్టిన మేడం. మూడేండ్లాయె, చిన్న గీత గూడ పడలే."

ఆమె నన్ను మేకు నుంచి తీసి బోను జాలీ దగ్గరికి తీసుకుపోయింది. పావుగంటలో నలభై నాలుగుకు ఎక్కాను. రాజలింగు నన్ను చూశాడు, నాలుక వేలాడేసుకుని అటూ ఇటూ తిరుగుతున్న గంగిని చూశాడు.

"మూడేండ్ల సంది దీన్నే సూసిన మేడం," అన్నాడు. "దాన్ని సూడలే."

ఆ మరునాటి నుంచి, పంజా అందనంత ఎడంగా, గంగి ముక్కు ఎత్తులో నన్ను కట్టి పది రోజుల లెక్క మొదలుపెట్టాడు. వానలు దగ్గరపడుతున్నాయి. ఒక్క రోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, గంగి మరో ఏడాది అక్కడే ఉండాలి. ఏడో రోజు మబ్బు పట్టి ముప్ఫై ఆరు దగ్గర ఊగిసలాడాను. రాజలింగు అన్నం ముట్టలేదు. ఎనిమిదో రోజు గంగి అవస్థ చూడలేక దాని మీద బిందెడు నీళ్లు కుమ్మరించాడు. తుంపర నా మీద పడి, సరిగ్గా రెండింటికి ముప్ఫై మూడు చూపించాను. చుట్టూ ఎవరూ లేరు, ఏ అంకె రాసినా అడిగేవాళ్లు లేరు. ఆయన తువాలతో నన్ను పొడిగా తుడిచి, మాడు పగిలే ఎండలో అరగంట నిలబడ్డాడు. నలభై ఒకటి, రెండున్నరకు చూసింది అని వివరంగా రాశాడు. మిగిలిన రెండు రోజులూ నా మీద తువాల కప్పి మరీ దానికి నీళ్లు పోశాడు.

ఈసారి పెద్దాఫీసు ఒప్పుకుంది. గంగి ఉన్న చెక్కపెట్టెను ఎక్కించిన లారీలోనే నన్నూ కట్టారు. వసుంధర వెంట వచ్చింది. బయలుదేరేటప్పుడు రాజలింగు పెట్టె దగ్గరికి రాలేదు, దూరంగా కానుగ చెట్టు కింద నిలబడ్డాడు.

కొండ మీద నన్ను గేటు గుంజకు తగిలించారు, పన్నెండు డిగ్రీలు. దేవదారు చెట్లు, ఎకరాల నేల, కంచె ఎక్కడో దూరంగా ఉంది. గంగి పెట్టె దిగి గాలి పీల్చింది. తొమ్మిది అడుగులు వేసి గిర్రున మళ్లింది. పాత బోను పొడవు అంతే. ఎదుట గోడ లేదు, అయినా మళ్లింది. సాయంత్రం దాకా అంతే. చూడలేకపోయాను.

రాజలింగు ఫోను చేశాడు. పన్నెండు డిగ్రీలే రాజలింగన్నా అని వసుంధర చెప్పబోయింది.

"నంబరొద్దు మేడం. అదేం జేస్తున్నది?"

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"రేపటి సంది పుస్తకంల ఎండ రాయకుండ్రి," అన్నాడు రాజలింగు. "ఎక్కడిదాక పోయి మళ్లిందో రాయుండ్రి."

మర్నాడు రెండింటికి వసుంధర నా ముందు నుంచే పోయింది, నావైపు తలెత్తలేదు. కంచె పక్కన బండ మీద కూర్చుని పుస్తకం తెరిచింది. తొమ్మిది అని రాసింది. దాని కింద మళ్లీ తొమ్మిది. మూడో వరుస రాయబోయిన పెన్సిలు ఆగిపోయింది. గంగి ఇంకా మళ్లలేదు.